మా పాంటూన్ బోటులో పాటలు: ఫ్యూజన్ ఆర్‌ఏ210, నాలుగు కిక్కర్ స్పీకర్లు

చిన్న బోటుకి ఆడియో సెట్ కొనాలనుకునేవాళ్లకి నేను మొదట చెప్పేది ఒకటే: వాట్లు చూసి కొనకండి. మా 22 అడుగుల పాంటూన్‌లో (పొడవాటి తేలే గొట్టాల మీద చదునైన డెక్కు ఉండే బోటు) ఇప్పుడున్నవి ఒక ఫ్యూజన్ ఆర్‌ఏ210 స్టీరియో, నాలుగు కిక్కర్ కేఎం సిరీస్ ఆరున్నర అంగుళాల స్పీకర్లు. విడిగా యాంప్లిఫయర్ లేదు, సబ్‌వూఫర్ లేదు. బోటు ఆగి ఉన్నప్పుడు, నెమ్మదిగా వెళ్తున్నప్పుడు ఎవరు ఏ సీట్లో కూర్చున్నా పాటలో ప్రతి మాటా తెలుస్తుంది. పక్కవాళ్లతో గొంతు పెంచకుండా మాట్లాడుకోవచ్చు కూడా. నాకు కావలసింది అదే. పూర్తి స్పీడులో ఉన్నప్పుడు మాత్రం గాలిలో, ఇంజిన్ మోతలో పాట కలిసిపోతుంది. దాన్ని నేను లోపం అనుకోను. కారణం కింద చెప్తాను.

మేముండేది అమెరికాలో, జార్జియా రాష్ట్రంలోని కమింగ్. పక్కనే లేక్ లేనియర్. చాటహూచీ నది మీద బ్యూఫర్డ్ డ్యామ్ కట్టడంతో ఏర్పడిన జలాశయం ఇది, 38 వేల ఎకరాల నీళ్లు. ఈ ఫోర్సైత్ కౌంటీలో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి, ఎండాకాలం వస్తే చుట్టాలతో కలిసి బోటు ఎక్కనివాళ్లు తక్కువ. మా స్నేహితుల్లో ఎవరు బోటు కొన్నా మ్యూజిక్ సిస్టం సంగతి మా ఇంట్లో అడుగుతారు. నేను చదివింది ఎలక్ట్రికల్, మా బోటు వైరింగ్ అంతా నేనూ మావారూ కలిసి చేసుకున్నాం. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మా బోటు సెకండ్‌హ్యాండ్‌ది. మాకంటే ముందున్నాయన అందులో కారు స్పీకర్లు బిగించాడు. మేము విప్పి చూసేసరికి, కదులుతూ శబ్దం పుట్టించే కాగితం కోన్ తేమకి ఉబ్బిపోయి ఉంది. దాని చుట్టూ ఉండే ఫోమ్ రింగు వేలు పెడితే పొడిపొడిగా రాలింది. స్క్రూలన్నీ తుప్పు. ఇది ఉప్పు నీళ్ల పని కాదు, లేనియర్ మంచినీళ్లే. ఎండ పని, తేమ పని. జార్జియా జూలై ఎలా ఉంటుందో ఇక్కడున్నవాళ్లకి చెప్పక్కర్లేదు. మెరైన్ స్పీకర్లలో కోన్ సాధారణంగా పాలీప్రొపిలీన్‌తో చేస్తారు. రింగు రబ్బరుది, జాలీకి ఎండకు పెళుసుబారని ప్లాస్టిక్, స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీల్. మంచి కంపెనీల స్టీరియోల్లో సర్క్యూట్ బోర్డు మీద తేమ తగలకుండా పూత కూడా ఉంటుంది. మంచినీళ్లే కదా, కారు సెట్ చాలదా అని అడిగేవాళ్లకి నా జవాబు చాలదు అనే. ఎండకి మంచినీళ్లూ ఉప్పునీళ్లూ అన్న తేడా లేదు.

పెట్టె మీద ఐపీ అని ఒక కోడ్ ఉంటుంది. అందులో మొదటి అంకె దుమ్ముకి, రెండోది నీటికి. ఎక్స్ అని ఉంటే ఆ పరీక్ష ప్రకారం రేటింగ్ ఇవ్వలేదని అర్థం. ఐపీఎక్స్7 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉంచినా పాడవదని. కానీ అదొక్కటే ఉంటే పైపుతో వేగంగా కొట్టిన నీటిని తట్టుకుంటుందని అర్థం కాదు, దానికి 5, 6 అంకెలు వేరే ఉన్నాయి. బోటుని పైపుతో కడిగేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. స్టీరియోకి చాలాసార్లు ముందు భాగానికే ఆ రేటింగ్ ఇస్తారు. వెనక వైపు కనెక్టర్లు కన్సోల్ (స్టీరింగ్ బిగించి ఉండే గూడు) లోపల పొడిగానే ఉండాలి.

ఇక అసలు సంగతి. మా కిక్కర్ స్పీకర్ల మీద పీక్ 195 వాట్లు, ఆర్‌ఎంఎస్ 65 వాట్లు అని ఉంటుంది. నిలకడగా తట్టుకునేది 65, లెక్కలోకి తీసుకోవాల్సింది అదే. అయినా ఆ 65 కూడా స్పీకర్ ఎంత గట్టిగా మోగుతుందో చెప్పదు. అది చెప్పేది సెన్సిటివిటీ, డెసిబెల్స్‌లో రాసి ఉంటుంది. ఒక వాట్ ఇస్తే మీటరు దూరంలో ఎంత శబ్దం వస్తుంది అన్నది ఆ లెక్క. మన ఊళ్లలో గుడి మీద కట్టే మైకు గొట్టం చూడండి. దాని వెనక ఉండే యాంప్లిఫయర్ చాలా చిన్నది, అయినా ఊరంతా వినపడుతుంది. ఆ గొట్టం తనకి ఇచ్చిన కొద్దిపాటి కరెంటుని వృథా చేయకుండా శబ్దంగా మారుస్తుంది, అదే దాని బలం. బోటు స్పీకర్లలోనూ మూడు డెసిబెల్స్ తేడా అంటే రెట్టింపు వాట్లతో సమానం. 93 డెసిబెల్స్ స్పీకర్‌కి 50 వాట్లు ఇస్తే వచ్చే శబ్దం, 90 డెసిబెల్స్ స్పీకర్‌కి 100 వాట్లు ఇస్తే గానీ రాదు. చెవికి రెట్టింపు అనిపించాలంటే ఇంచుమించు పదింతల వాట్లు కావాలి. ఆ వాట్లన్నీ బ్యాటరీ నుంచే రావాలి కదా.

కారులో ఎందుకు అంత బేస్ వస్తుంది, బోటులో ఎందుకు రాదు అని చాలామంది అడుగుతారు. కారు మూసిన పెట్టె. అద్దాలు, పైకప్పు శబ్దాన్ని వెనక్కి తిప్పుతాయి. బోటులో నాలుగు పక్కలా ఖాళీ, పోయిన శబ్దం తిరిగి రాదు. ఆరుబయట దూరం రెట్టింపు అయితే ఆరు డెసిబెల్స్ పడిపోతాయి. అందుకే రెండు పెద్ద స్పీకర్లు ఒక మూల పెట్టి గట్టిగా మోగించడం కంటే, నాలుగు మామూలు స్పీకర్లు మనుషులకి దగ్గరగా పెట్టి తక్కువలో మోగించడం ఎంతో మేలు. ఒక షాపులో మాకు పెద్ద యాంప్లిఫయర్, సబ్‌వూఫర్, టవర్ స్పీకర్లు అన్నీ కలిపి కోట్ ఇచ్చారు. మర్యాదగా వద్దన్నాం. మా సెట్ వైర్లూ ఫ్యూజులతో సహా వెయ్యి డాలర్ల లోపే అయింది.

పాంటూన్‌లో స్పీకర్లు ఎక్కువగా సీట్ల కింది ప్లాస్టిక్ బేస్‌లో ఉంటాయి, అంటే పిక్కల ఎత్తులో. ఎవరైనా దాని ముందు కాళ్లు పెట్టుకు కూర్చుంటే పాటలో హల్లులన్నీ పోతాయి, బేస్ ఒక్కటే మిగులుతుంది. మేము ముందు రెండు, వెనక రెండు ఎదురెదురుగా పెట్టాం. ఎవరికైనా తన సీటు కింది స్పీకర్ కాక ఎదుటి సీటుది సూటిగా వినిపిస్తుంది. మాట స్పష్టత ఒక్కసారిగా మారిపోయింది. ఇంకో సంగతి: ఆ బేస్ లోపలే సామాన్లు పెడతాం. పదమూడేళ్ల లోపు పిల్లలు బోటు కదులుతున్నంతసేపూ లైఫ్ జాకెట్ వేసుకుని ఉండాలని జార్జియా చట్టం, కాబట్టి వాళ్లవి ఒంటి మీదే ఉంటాయి. పెద్దవాళ్లవి సీటు కింద ఉంటాయి, అందేలా ఉండాలి కూడా. తొందరలో లాగితే స్పీకర్ వైరు ఊడి రావచ్చు. మావారు ప్లాస్టిక్ షీటు కోసి ప్రతి స్పీకర్ వెనకా ఒక అడ్డు బిగించారు. ఇంత చిన్న పనికి ఇంత లాభం ఇంకెక్కడా చూడలేదు.

స్టీరియోలో నాకు బాగా నచ్చింది రెండు జోన్లు. ముందు సీట్లకి ఒక వాల్యూమ్, వెనక సీట్లకి ఒక వాల్యూమ్. నాన్న అమలాపురం నుంచి వచ్చినప్పుడు ముందు వైపు కూర్చుని ఘంటసాల పాటలు పెట్టమంటారు. వెనక స్టీరింగ్ దగ్గర దాన్ని బాగా తగ్గించేస్తాను. రెండు వైపులా వచ్చేది ఒకే పాటే, వేరువేరు పాటలు రావు. ఆ ఆశతో కొనకండి. ఫ్యూజన్ యాప్‌లో డీఎస్‌పీ (శబ్దాన్ని డిజిటల్‌గా సర్దే) సెట్టింగులు ఉన్నాయి, ఫోన్‌తోనే సర్దుకోవచ్చు. పాత రికార్డింగులకి బేస్ తగ్గిస్తే గొంతు ముందుకొస్తుంది. ఫ్యూజన్ న్యూజిలాండ్‌లో పుట్టిన కంపెనీ, 2014లో జీపీఎస్ పరికరాలు చేసే గార్మిన్ కొనుక్కుంది. అందుకని గార్మిన్ స్క్రీన్ ఉన్న బోట్లలో పాటలు కూడా ఆ స్క్రీన్ మీదే మార్చుకునే వీలుంది. మాకు అంత పెద్ద స్క్రీన్ లేదు.

ఇప్పుడు స్పీడులో పాట ఎందుకు వినపడక్కర్లేదో చెప్తాను. నౌకా నియమాల్లో ఐదోది, నడిపేవాళ్లు చూపుతోనూ వినికిడితోనూ ఎప్పుడూ కాపలా కాయాలని చెప్తుంది. వినికిడి అన్న మాట అందులోనే ఉంది. ఎదుటి బోటు ఐదు లేదా అంతకంటే ఎక్కువ పొట్టి హారన్లు వరసగా కొట్టిందంటే, మీరేం చేస్తున్నారో నాకు అర్థం కావడం లేదు, ప్రమాదం అని అర్థం. శని ఆదివారాల్లో లేనియర్ మీద ఎన్ని బోట్లు, జెట్ స్కీలు తిరుగుతాయో చూసినవాళ్లకి ఆ హారన్ విలువ తెలుస్తుంది. డాక్‌కి వచ్చేటప్పుడు నేను మ్యూట్ నొక్కేస్తాను. పిల్లలు నీళ్లలో ఉన్నప్పుడు ఇంజిన్ ఆఫ్, పాట బాగా తక్కువ. "అమ్మా" అని పిలిస్తే ఆ పిలుపు పాట కంటే ముందు నా చెవిన పడాలి. ఏ సెట్ కొన్నా ఈ విషయంలో నేను ఎవరితోనూ రాజీ పడను.

వైరింగ్ దగ్గర పొదుపు చేయకండి. బ్యాటరీ బోటు వెనక భాగంలో ఉంటుంది, స్టీరియో కన్సోల్‌లో ఉంటుంది. మా బోటులో వైరు పోవడానికి ఇరవై అడుగులు, రావడానికి ఇరవై. 16 గేజ్ సన్న వైరుతో 15 ఆంప్స్ లాగితే దారిలోనే రెండు వోల్టుల పైన పోతాయి. పన్నెండు వోల్టుల్లో రెండు పోతే వాల్యూమ్ పెంచినప్పుడల్లా స్టీరియో ఆగిపోతుంది, మనం స్టీరియోని తిట్టుకుంటాం. గేజ్ అంకె తగ్గేకొద్దీ వైరు లావు, 10 గేజ్ వేస్తే పోయేది 0.6 వోల్టు. వైరు టిన్ పూత ఉన్న రాగిది అయి ఉండాలి, మామూలు రాగి తేమకి లోపలి దాకా నల్లబడుతుంది. బ్యాటరీకి దగ్గర్లో ఫ్యూజు తప్పనిసరి. అమెరికాలో బోట్ల ప్రమాణాలు రాసే ఏబీవైసీ మామూలుగా ఏడు అంగుళాల లోపు ఉండాలంటుంది. ఫ్యూజు లేని ప్లస్ వైరు ఎక్కడో ఒరుసుకుని షార్ట్ అయితే పెట్రోలు ట్యాంకు పక్కనే మంట పుడుతుంది. ఈ ఒక్క పని మీకు చేతకాకపోతే తెలిసినవాళ్లని పిలవండి, ఆ డబ్బు దండగ కాదు.

ఇంజిన్ స్టార్ట్ చేసే బ్యాటరీ, పాటల బ్యాటరీ వేరువేరుగా ఉండాలి. లేకపోతే చెరువు మధ్యలో సాయంత్రం ఇంజిన్ తిరగదు. మామూలు వాల్యూమ్‌లో మా సెట్ రెండు మూడు ఆంప్స్ లాగుతోంది, మీటరు పెట్టి చూశాను. వంద ఆంపియర్ అవర్ డీప్ సైకిల్ (ఎక్కువసేపు నిలకడగా కరెంటు ఇచ్చే) బ్యాటరీలో సగమే వాడుకున్నా రోజంతా టెన్షన్ లేదు. అదే పెద్ద యాంప్లిఫయర్, సబ్‌వూఫర్ పెట్టి గట్టిగా మోగించి, పాతిక ఆంప్స్ లాగితే రెండు గంటలకి ఆ సగం అయిపోతుంది. ఇంటికి వెళ్లేటప్పుడు బ్యాటరీ స్విచ్ ఆపేయండి. స్టీరియో ఆఫ్‌లో ఉన్నా మెమరీ కోసం కాస్త కరెంటు తాగుతూనే ఉంటుంది, వారాల తరబడి బోటు ఎక్కకపోతే అది కూడా లెక్కే.

బోటు అద్దెకి తీసుకునేవాళ్లకి ఇదంతా అవసరం లేదు. జేబీఎల్ చార్జ్ 5 లాంటి ఐపీ67 బ్లూటూత్ స్పీకర్ చాలు. అల్టిమేట్ ఇయర్స్ వండర్‌బూమ్ నీళ్లలో పడినా తేలుతుంది, పిల్లలున్న బోటుకి నేను దాన్నే తెమ్మంటాను. కయాక్‌కీ, చిన్న ఫిషింగ్ బోటుకీ కూడా అంతే.

సముద్రం మీదకి వెళ్లే బోటు అయితే స్పీకర్‌ని దిక్సూచికి దూరంగా బిగించాలి, లోపలి అయస్కాంతం ముల్లుని పక్కకి లాగుతుంది.

సాయంత్రాల గురించి ఒక మాట. ఎండ తగ్గాక నీటి మీది గాలి చల్లబడి, పైన గాలి వెచ్చగా ఉంటుంది. అప్పుడు శబ్దం పైకి పోకుండా కిందికి వంగి చాలా దూరం పాకుతుంది. లేనియర్ పాయల్లో ఒడ్డున ఇళ్లున్నాయి. మధ్యాహ్నం ఎవరికీ వినపడని వాల్యూమే రాత్రి ఎనిమిదికి వాళ్ల వరండాలో మోగుతుంది. మన పాటలంటే నాకు ప్రాణం, అందుకే అవి ఒడ్డునున్నవాళ్లకి చిరాకు తెప్పించే మోతగా మారడం నాకు అస్సలు ఇష్టం ఉండదు. చీకటి పడే వేళకి మా బోటులో పాట మా రెయిలింగ్ దాటదు.

కొనేముందు పాత స్పీకర్ ఒకటి విప్పి, రంధ్రం వెడల్పూ వెనక లోతూ టేపుతో కొలిచి రాసుకోండి. ఆరున్నర అంగుళాలవని అమ్మే స్పీకర్లన్నిటికీ రంధ్రం ఒకే కొలతలో ఉండదు, వెనక అయస్కాంతం లోతు కూడా ఒక్కో కంపెనీది ఒక్కోలా ఉంటుంది. రంధ్రం చిన్నదైతే కోసి పెద్దది చేసుకోవచ్చు. పెద్దదైతే మాత్రం అడాప్టర్ రింగు వెతుక్కోవాలి. వెనక నుంచి పాట మార్చుకోవాలంటే వైర్డ్ రిమోట్ వేరే కొనాలి. వచ్చే ఏప్రిల్‌లో బోటు కవర్ తీసినప్పుడు మేము ఈత నిచ్చెన పక్కన ఒకటి పెట్టించబోతున్నాం, నీళ్లలోంచి పైకి రాకుండానే మ్యూట్ నొక్కడానికి.