18 నిండిన మా అబ్బాయి ఖాతా: కమిటీకి 5 స్టార్లు, బ్యాంకుకు 2

మా వాడికి ఆటిజం. మాటలు తక్కువ, సంతకం ఆ పూట మూడ్‌ని బట్టి. వాళ్ల తాతయ్య వాడి పేరు మీద కొంత డబ్బు ఎఫ్‌డీ వేసి వెళ్లారు. మైనర్ ఖాతా కాబట్టి ఇన్నేళ్లూ నా సంతకంతో నడిచింది. 18 నిండగానే బ్యాంకు ఆపేసింది. అందుకు వాళ్లని ఏమీ అనను. పిల్లలు మేజర్లయ్యాక కన్నవాళ్లమన్న ఒక్క కారణంతో వాళ్ల డబ్బు మీద మనం సంతకం పెట్టలేం.

నాకు ఒళ్లు మండింది ఆ తర్వాత. "కోర్టు ఆర్డర్ తీసుకురండమ్మా" అని కౌంటర్లో ఒక్క మాటతో తేల్చేశారు. కోర్టు అక్కర్లేని దారి ఉందని మాకు చెప్పింది మా వాడి థెరపిస్టు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, ఒకటికి మించిన వైకల్యాలు ఉన్నవాళ్ల కోసం 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టం వచ్చింది. దాని కింద జిల్లాకో లోకల్ లెవెల్ కమిటీ ఉంటుంది, కలెక్టరే పెద్ద. తల్లిదండ్రులు గానీ బంధువులు గానీ దరఖాస్తు పెడితే గార్డియన్‌ని నియమిస్తుంది. ఆ సర్టిఫికెట్‌తో ఖాతా తెరవొచ్చు, నడపొచ్చు అని రిజర్వ్ బ్యాంకు 2007లోనే బ్యాంకులకు రాసింది.

కమిటీ ముందుకి వెళ్లేటప్పుడు నాకు టెన్షనే. కానీ పద్ధతిగా జరిగింది. ఆ కమిటీలో వైకల్యం ఉన్న సభ్యులు ఒకరు ఉండాలని చట్టమే చెబుతుంది. మా దగ్గర ఆయన వీల్‌చైర్‌లో వచ్చారు. నన్ను వదిలేసి మా వాడినే అడిగారు: "ఏం నాన్నా, నీ డబ్బు అమ్మ చూసుకుంటే నీకిష్టమేనా?" వాడు నా చున్నీ పట్టుకుని తలూపాడు. అసలు గార్డియన్ అవసరమా, దేనికి అవసరం అన్నది కూడా అడిగి రాసుకున్నారు. నియమించిన ఆరు నెలల్లోపు వాడి ఆస్తి జాబితా ఇవ్వాలి, ఏటా లెక్క చూపాలి. మా ఆడపడుచు "కన్నతల్లికి కూడా లెక్కలా!" అంది. ఉండాల్సిందే. రేపు నా తర్వాత వచ్చే గార్డియన్ ఎవరో నాకేం తెలుసు?

సర్టిఫికెట్ చేతికొచ్చాక కూడా బ్యాంకులో మళ్లీ "ఇది చెల్లదేమో" అన్నారు. కొత్తగా వచ్చిన మేనేజరు గారు పైఆఫీసుకి ఫోన్ చేసి కనుక్కుని, కేవైసీ అక్కడే పూర్తి చేయించారు. ఆ రెండు స్టార్లూ ఆవిడవే.

అదే రోజు పక్క కౌంటర్లో చూపులేని ఒక మాస్టారిని "చెక్‌బుక్ కావాలంటే ఎవరితోనైనా జాయింట్ ఖాతా తీసుకోండి" అంటున్నారు. ఇది మరీ అన్యాయం. చూపు లేనంత మాత్రాన ఆయనకి గార్డియన్ ఎందుకు? ఖాతా ఆయనే తెరవొచ్చు, ఒక్కరే నడపొచ్చు. చెక్‌బుక్, ఏటీఎం, లాకర్ ఏదీ కాదనకూడదని రిజర్వ్ బ్యాంకు ఆదేశం ఉంది.

ఇలాంటి సదుపాయాల వివరాలు ప్రతి శాఖలో తెలుగులో కూడా రాసి కనబడేలా పెట్టాలి. మా శాఖలో గోడ నిండా బంగారం లోను పోస్టర్లే. ఆ బోర్డు పెట్టిన రోజు మూడో స్టార్ ఇస్తాను.