పాత సైకిల్ కొని బాగుచేసుకోవాలంటే ఏది మేలు: ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ రాలీ ఫ్రేమా, మద్రాసు హెర్క్యులెస్ ఫ్రేమా?

రాలీ ముందు బ్యాడ్జీ మీద కొంగ తల ఉంటుంది. కానీ బ్యాడ్జీ మార్చడం చిటికెలో పని, దాన్ని నమ్మి డబ్బివ్వకండి. పెడల్ ఇరుసుని ఫ్రేములో పట్టి ఉంచే మరల కప్పు విప్పి, దాని మీది మర గీతలు లెక్కపెట్టండి. అంగుళానికి 26 ఉంటే అది రాలీ సొంత కొలత. మిగతా బ్రిటిష్ ఫ్రేములు చాలావాటికి 24. 24 కప్పుని 26లో బలవంతంగా బిగిస్తే లోపలి మరలు చెరిగిపోతాయి, ఆ ఫ్రేమ్ పాడైనట్టే. ఒరిజినల్ కప్పులు లేని రాలీ ఎంత చవకైనా వద్దు. స్టర్మీ-ఆర్చర్ హబ్ (వెనక చక్రం మధ్యలో గేర్లుండే భాగం) మీద కొట్టిన సంవత్సరం హబ్‌దే; చక్రం ఎప్పుడో మారి ఉండొచ్చు.

1949లో మొదలైన టీఐ సైకిల్స్ వారి హెర్క్యులెస్‌కి రాలీ అంత గిరాకీ లేదు. సామాను మాత్రం మన ఊరి పాత సైకిల్ షాపుల్లో వెతుక్కోవచ్చు. మొదటిసారి పాత సైకిల్ బాగుచేసేవాళ్లకి ఇదే మేలు.

ఏది కొన్నా హెడ్ ట్యూబ్ (హ్యాండిల్ కింద ఉండే ముందు గొట్టం) వెనక, కింది గొట్టం అడుగున వేలితో తడమండి. రంగు ముడతలు పడితే ఎక్కడో గుద్దుకున్న ఫ్రేమ్. వెనక ఇరుసు పట్టే చోటు నుంచి హెడ్ ట్యూబ్ చుట్టూ తిప్పి, రెండో పక్కకి దారం లాగి కట్టండి. రెండువైపులా దారానికీ సీటు గొట్టానికీ మధ్య దూరంలో 3 మి.మీ. మించి తేడా వస్తే వదిలేయండి.