పేరు చెప్పని మౌత్ ఆర్గాన్: ‘వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ద వెస్ట్’

సెర్జియో లియోనీ 1968లో తీసిన ఈ వెస్టర్న్‌ను (కౌబాయ్ సినిమాను) ఎన్నిసార్లు చూసినా, పగ కథల్లో దీనికి సాటి నాకు కనిపించలేదు. మామూలుగా విలన్ చేసిన ఘోరం మొదట్లోనే చూపించేస్తారు, ఇక ఎప్పుడు చంపుతాడా అని చూడటమే మిగులుతుంది. ఇక్కడ పగ ఎందుకన్నదే చివరిదాకా దాచారు. చార్లెస్ బ్రాన్సన్ పాత్రకు పేరు లేదు, మౌత్ ఆర్గాన్ ఒక్కటే గుర్తు. ‘ఎవర్నువ్వు’ అని విలన్ ఫ్రాంక్ (హెన్రీ ఫోండా) అడిగితే, జవాబుగా ఇతను ఫ్రాంక్ చంపినవాళ్ల పేర్లు చెప్తాడు. చంపితే చాలదతనికి, ఎవరి చేతిలో చస్తున్నాడో ఫ్రాంక్‌కు తెలిసి తీరాలి. అందుకే ఫ్రాంక్‌ను సొంత మనుషులే కాల్చబోతే తనే అడ్డుపడి బతికిస్తాడు! నా దృష్టిలో సినిమాకు గుండెకాయ ఆ సన్నివేశమే.

ఆ పగ వెనకున్న గతం మొదట మసకగా, ఎవరో నడిచొస్తున్నట్టు మాత్రమే కనిపిస్తుంది. ముఖం తేటపడేది ఆఖరి పోరులోనే. అదేమిటో ఇక్కడ చెప్పను. సంగీత దర్శకుడు ఎన్నియో మోరికోనే బాణీలు షూటింగ్‌కు ముందే సిద్ధం చేస్తే, వాటిని సెట్లో వినిపిస్తూ తీశారు. మౌత్ ఆర్గాన్ మీదికి ఎలక్ట్రిక్ గిటార్ వచ్చి పడినప్పుడు ఆ ఇద్దరి లెక్కా మాటల్లేకుండానే అర్థమవుతుంది.

డిస్క్ కొనేముందు నిడివి చూడండి. దాదాపు 165 నిమిషాలుండాలి. అమెరికాలో విడుదలప్పుడు సుమారు 20 నిమిషాలు కోశారు, బందిపోటు షయాన్ (జేసన్ రోబార్డ్స్) చావు కూడా పోయింది. 145 నిమిషాలదైతే వదిలేయండి. పాత పాల్ (PAL, సెకనుకు 25 ఫ్రేముల టీవీ పద్ధతి) డీవీడీ మీద 158 అని ఉంటే కోత పడినట్టు కాదు. సెకనుకు 24 ఫ్రేములది 25తో ఆడుతుంది, అంతే. కానీ శ్రుతి కూడా పెరుగుతుంది కాబట్టి ఈ సినిమాకు అది చిన్న నష్టం కాదు.

ఈ సినిమా తీసిన టెక్నిస్కోప్ అనే ఫిల్మ్ పద్ధతిలో ఫ్రేముకు నాలుగు కాదు, రెండు పెర్ఫొరేషన్లే (ఫిల్మ్ అంచు రంధ్రాలు), అంటే ఫ్రేము చిన్నది. అందుకే గ్రెయిన్ (ఫిల్మ్ మీది సన్నని రేణువులు) ఎక్కువ. టీవీలో నాయిస్ రిడక్షన్ పెడితే ఆ క్లోజప్‌లలో చర్మం మైనంలా నున్నబడుతుంది. కదలికల్ని నున్నగా చేసే మోషన్ స్మూతింగ్ కూడా ఆపేయండి. తెర నిండాలని జూమ్ చేస్తే వెడల్పులో పావు వంతు పోతుంది, లియోనీ మనుషుల్ని నిలబెట్టేదేమో అంచుల్లోనే.

మొదటి సన్నివేశంలో సంగీతం ఉండదు. గాలిమర కీచు, టోపీ మీద పడే నీటిచుక్క, తుపాకీ గొట్టంలో ఈగ. ఆ చుక్క స్పష్టంగా వినపడేదాకా వాల్యూమ్ పెంచండి. ఆడియోలో నైట్ మోడ్ వద్దు, చుక్కనూ తుపాకీనీ ఒకే మట్టానికి తెచ్చేస్తుంది.

లోపమూ ఉంది. రైలు దగ్గరి పోరు తెర మీద కనిపించదు, శవాలే కనిపిస్తాయి. ఎవరు ఎవర్ని చంపారో మొదటిసారి చూసేవాళ్లకు అంతుపట్టదు. పొలం వేలంలో 5000 డాలర్ల లెక్క కూడా అంతే: షయాన్ తల మీద వెల ఎంతో, పొలానికి బ్రాన్సన్ పాడింది కూడా అంతే. ఇది గుర్తుంటే తర్వాతి కథ సాఫీగా నడుస్తుంది.

ఆడియో ఇంగ్లిష్‌లోనే పెట్టుకోండి, ఫోండా, బ్రాన్సన్, రోబార్డ్స్ సొంత గొంతులు అందులోనే. కథానాయిక క్లాడియా కార్డినాలేకు మాత్రం వేరొకరు డబ్బింగ్ చెప్పారు. ఆమె పెదవులకూ మాటకూ పొంతన లేకపోతే డిస్క్ పాడైందనుకోకండి.