రాస్ప్‌బెర్రీ పై 4 మీద కోడీ: ఆర్నెల్లు వాడాక

రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద కోడీ అనే వీడియో ప్లేయర్ సాఫ్ట్‌వేర్ పెట్టుకున్న కథ ఇది. ఇదంతా మా అక్క పెళ్లి డీవీడీల కోసం మొదలైంది. 2009లో వీడియో తీసినాయన మూడు డిస్కులు ఇచ్చాడు, డీవీడీ ప్లేయర్ ఎప్పుడో అటకెక్కింది, డిస్కుల మీద గీతలు పడుతున్నాయని మొత్తం హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేశాను. టీవీ వెనక యూఎస్‌బీ ఉంది కదా, గుచ్చితే అయిపోతుందనుకున్నా. కానీ డీవీడీలో వీడియో ఒకే ఫైల్‌గా ఉండదు, ఒక్కోటి 1 జీబీ దాటకుండా వీఓబీ అనే ఫైళ్ల ముక్కలుగా ఉంటుంది, మా టీవీ ఏ ముక్కకా ముక్క వేరే సినిమా అనుకుంటుంది. సరిగ్గా జీలకర్ర బెల్లం ముహూర్తానికి, బావ చెయ్యి అక్క తల దాకా వచ్చింది, అంతే, తెర నల్లబడి ఫైళ్ల లిస్టు వచ్చేసింది. అమ్మ రిమోట్ నా చేతిలో పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఇంట్లో అప్పటికే ఒక స్ట్రీమింగ్ స్టిక్ ఉంది. ఓటీటీలకి అది బంగారం, కాదనను. కానీ దానికి ఉన్నది ఒకే ఒక్క పోర్టు, అది పవర్‌కే సరిపోతుంది, హార్డ్ డిస్క్ పెట్టాలంటే వేరే అడాప్టర్ కొనాలి, అది ఒకరోజు పనిచేస్తే ఒకరోజు చెయ్యదు. అందుకే రాస్ప్‌బెర్రీ పై 4, 2 జీబీది కొన్నాను. అరచేతిలో పట్టే బోర్డు. దాంతోపాటు పవర్ అడాప్టర్, డబ్బా, 16 జీబీ మెమరీ కార్డు, మైక్రో హెచ్‌డీఎంఐ కేబుల్, అన్నీ కలిపి నాకు ఆరున్నర వేల దాకా అయింది. హార్డ్ డిస్క్ పాతదే.

కార్డులోకి లిబ్రెఎలెక్ ఎక్కించాలి. అది కోడీని నడపడానికి మాత్రమే చేసిన చిన్న లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్, ఇంకేమీ ఉండదు, ఆన్ చేస్తే నేరుగా కోడీయే వస్తుంది. కోడీ అంటే పాత ఎక్స్‌బీఎంసీయే, ఒకప్పుడు ఎక్స్‌బాక్స్ గేమ్ డబ్బా మీద సినిమాలు చూడ్డానికి పుట్టింది, 2014లో పేరు మార్చుకుంది. రెండూ ఉచితమే. సైట్‌లో దొరికే టూల్‌తో కార్డు తయారు చేయడానికి పది నిమిషాలు పట్టింది, ఇందులో చెప్పుకోవడానికేమీ లేదు.

అసలు తిప్పలు కరెంటు దగ్గర. ఇంట్లో ఉన్న ఫోన్ ఛార్జర్ పెట్టాను, మొదటి తప్పు అదే. మెనూలన్నీ బాగానే తిరిగాయి, సినిమా మొదలెట్టిన రెండు నిమిషాలకి హార్డ్ డిస్క్ టిక్కు టిక్కుమని మాయమైపోయేది, మళ్లీ వచ్చేది, మళ్లీ పోయేది. డిస్క్ చచ్చిందనుకుని ఒక రాత్రంతా టెన్షన్ పడ్డాను, గీతలు పడ్డ డీవీడీలు తప్ప పెళ్లి వీడియోకి అదొక్కటే కాపీ మరి. డిస్క్‌కి ఏమీ కాలేదు. ఈ బోర్డుకి 5.1 వోల్టులు, 3 ఆంప్స్ ఇచ్చే అడాప్టర్ కావాలి, పైగా నాలుగు యూఎస్‌బీ పోర్టులూ కలిపి ఇవ్వగలిగింది 1.2 ఆంప్స్ మాత్రమే. చిన్న పోర్టబుల్ డిస్క్ ఒకటైతే లాగుతుంది, రెండు పెడితే మాత్రం సొంత పవర్ ఉన్న యూఎస్‌బీ హబ్ కొనాల్సిందే. అడాప్టర్ దగ్గర కక్కుర్తి పడకండి.

ఇంకో చిన్న విషయం, దీనికి నాకు ఒక ఆదివారం పోయింది. యూఎస్‌బీ 3.0 పరికరాలు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో రొద చేస్తాయి, వైఫై కూడా అక్కడే నడుస్తుంది. హార్డ్ డిస్క్ నీలం పోర్టులో, అంటే యూఎస్‌బీ 3.0లో, పెట్టగానే నెట్ పోయేది, తీస్తే వచ్చేది. రౌటర్‌లో 5 గిగాహెర్ట్జ్‌కి మారిస్తే సరిపోయింది. లాన్ కేబుల్ లాగే వీలుంటే అసలీ గొడవే ఉండదు.

ఇక రిమోట్. నాకు బాగా నచ్చింది ఇదే. హెచ్‌డీఎంఐలో సీఈసీ అని ఒక సదుపాయం ఉంటుంది, టీవీ రిమోట్ నొక్కుడు కేబుల్ గుండా బోర్డుకి చేరిపోతుంది. టీవీ సెట్టింగ్స్‌లో ఈ పేరుతో వెతికితే దొరక్కపోవచ్చు, సామ్‌సంగ్ దీన్ని ఎనీనెట్ ప్లస్ అంటుంది, ఎల్‌జీ సింప్‌లింక్ అంటుంది, సోనీ బ్రావియా సింక్ అంటుంది. అది ఆన్ చేసి, బోర్డు మీది రెండు మైక్రో హెచ్‌డీఎంఐ పోర్టుల్లో పవర్ పక్కనున్న దానికే కేబుల్ పెట్టండి. అమ్మకి కొత్త రిమోట్ ఏదీ నేర్పాల్సిన పని లేకపోయింది. బాణాలు, ఓకే, బ్యాక్, అంతే.

పెళ్లి వీడియో? ఆ వీఓబీ ముక్కలన్నీ ఉండే వీడియో_టీఎస్ ఫోల్డర్‌ని కోడీ ఒకే డీవీడీగా చదివింది, మెనూతో సహా. ఎక్కడా అతుకు తెలియలేదు. మొదటి మూడు తరాల రాస్ప్‌బెర్రీ పై బోర్డుల్లో డీవీడీల ఎంపెగ్ 2 వీడియోకి హార్డ్‌వేర్ సాయం (వీడియోని విప్పడానికి చిప్‌లో ఉండే ప్రత్యేక భాగం) కావాలంటే లైసెన్స్ కొనాల్సి వచ్చేది, పై 4కి ఆ అవసరం లేదు, ప్రాసెసరే లాగేస్తుంది. నాన్న దాచుకున్న పాత వీసీడీల .dat ఫైళ్లు కూడా ఆడాయి, ఆ 352 గుణించు 288 పిక్సెళ్ల బొమ్మని పెద్ద టీవీలో చూడ్డం వేరే అనుభవం అనుకోండి.

సినిమాల పేర్లు మాత్రం ఓపిగ్గా పెట్టుకోవాలి. కోడీ ఫైల్ పేరు చూసి నెట్ నుంచి పోస్టర్, వివరాలు తెస్తుంది, పేరు పక్కన సంవత్సరం లేకపోతే దానిష్టం. నాన్న అక్కినేని దేవదాసు పెట్టబోతే రామ్ పోస్టర్ వచ్చి కూర్చుంది. ఆ పేరుతో 1953, 1974, 2006లలో మూడు సినిమాలున్నాయి, పాపం దాని తప్పేముంది. ఫైల్ పేరు చివర బ్రాకెట్‌లో 1953 అని పెట్టాక సర్దుకుంది.

సెట్టింగ్స్‌లో రెండు తప్పకుండా మార్చండి. ఒకటి, ప్లేయర్ సెట్టింగ్స్‌లో అడ్జస్ట్ డిస్‌ప్లే రిఫ్రెష్ రేట్ అని ఉంటుంది, మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది, దాన్ని ఆన్ స్టార్ట్ స్టాప్‌కి మార్చండి. సినిమా సెకనుకి 24 ఫ్రేములు, టీవీ 60, రెండూ కుదరక కెమెరా పక్కకి తిరిగినప్పుడల్లా బొమ్మ చిన్నచిన్నగా గెంతుతుంది. ఇది మార్చాక టీవీయే 24కి దిగుతుంది, తేడా నాకంటే ముందు మా ఆవిడ పట్టేసింది. రెండోది ఆడియో. సౌండ్‌బార్ లేకుండా టీవీ స్పీకర్లే వాడుతుంటే ఛానెళ్లు 2.0లో పెట్టి, పాస్‌త్రూ (ఆడియోని విప్పకుండా ఉన్నదున్నట్టు పంపడం) ఆపేయండి. డీటీఎస్ అనే సరౌండ్ సౌండ్ ఆడియో ఉన్న ఫైళ్లకి మా టీవీ మూగనోము పట్టేది, ఇప్పుడు కోడీయే దాన్ని విప్పి మామూలు శబ్దంగా పంపుతుంది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. 4కే వీడియో హెచ్.265లో (వీడియోని కుదించే పద్ధతి, దీన్నే హెచ్‌ఈవీసీ అంటారు) ఉంటేనే ఇది సాఫీగా ఆడిస్తుంది, దాని కంటే పాతదైన హెచ్.264లో తీసిన 4కే అయితే నత్తనడకే, ఎందుకంటే ఆ చిప్‌కి హెచ్.264 హార్డ్‌వేర్ సాయం 1080పీ, అంటే ఫుల్ హెచ్‌డీ, వరకే ఉంది. ఫోన్‌తో పాప పుట్టినరోజు 4కేలో తీసేవాళ్లు ముందే ఫోన్ కెమెరాలో హెచ్‌ఈవీసీ ఎంచుకోండి. వెలుగు, రంగులు మెరుగ్గా చూపించే డాల్బీ విజన్ లేదు. ఓటీటీలకి దీన్ని నమ్ముకోవద్దు, వాటికోసం మా స్టిక్ ఇంకా రెండో హెచ్‌డీఎంఐలో అలాగే ఉంది. మీ ఇంట్లో సొంత ఫైళ్లు, పాత డిస్కులు లేకపోతే అసలు ఇది కొనకండి, స్టిక్ చాలు. రాస్ప్‌బెర్రీ పై 5 తీసుకుందామా అని ఒకరిద్దరు అడిగారు, సినిమాలకి మాత్రమే అయితే డబ్బు దండగ, అందులో హెచ్.264 హార్డ్‌వేర్ డీకోడర్‌నే తీసేశారు, అంత పనీ ప్రాసెసరే చేసుకోవాలి.

ఇంకొకటి, పై 4కి ఆఫ్ బటన్ లేదు. మెనూలోంచి షట్‌డౌన్ చేయాలి, లేదా అలా వదిలేయాలి. ఎప్పుడూ ఆన్‌లో ఉన్నా నెలకి మూడు నాలుగు యూనిట్లు దాటదు. కానీ మా అమ్మకి పడుకునే ముందు గోడ మీది స్విచ్‌లన్నీ కట్టేస్తే గానీ నిద్ర పట్టదు. అలా రోజూ టక్కున కరెంటు తీస్తే ఏదో ఒకరోజు కార్డు పాడవుతుంది, నాదీ రెండో నెలలో అయింది. లిబ్రెఎలెక్ సెట్టింగ్స్‌లో బ్యాకప్ ఉంది, ముందే తీసి పెట్టుకున్నాను కాబట్టి అరగంటలో మళ్లీ యథాతథంగా నిలబెట్టాను. తర్వాత ఆ స్విచ్ మీద ప్లాస్టర్ అంటించి, కట్టేయొద్దు అని పెన్నుతో రాశాను. అమ్మ రోజూ రాత్రి ప్లాస్టర్ ఊడదీసి, స్విచ్ కట్టేసి, మళ్లీ జాగ్రత్తగా అంటిస్తోంది.