బెల్లాజియో ‘ప్రైవేట్ బోట్’ ప్యాకేజీ కొనేముందు ఒక్కసారి ఆగండి

ఇటలీ వెళ్తూ కోమో సరస్సు, దాని ఒడ్డున ఉన్న బెల్లాజియో ఊరు చూద్దామనుకునేవాళ్ల కోసం ఇది. ‘మిలాన్ నుంచి ఒక్కరోజులో బెల్లాజియో, ప్రైవేట్ బోట్, విల్లా సెర్బెల్లోని సందర్శన’ అని ఎవరైనా బ్రోచర్ పంపితే అప్పుడే డబ్బు కట్టకండి. మాకు ఇది అమ్మింది హైదరాబాద్‌లోని ఒక ఏజెంట్. మనిషికి 140 యూరోలు.

ప్రైవేట్ బోట్ అన్నది వట్టి మాట. బెల్లాజియోకి ఎదురుగా సరస్సు ఒడ్డున ఉన్న వరెన్నా ఊరి రేవులో గైడ్ మా చేతుల్లో పెట్టినవి అక్కడి కౌంటర్లో ఎవరైనా కొనుక్కోగలిగే మామూలు ఫెర్రీ టికెట్లు. కార్లు కూడా ఎక్కే పడవ, మన కోనసీమ పంటు లాంటిదే. బెల్లాజియోకి పావుగంట ప్రయాణం, టికెట్ ఐదారు యూరోలు. ఎండలో లైన్లో నిలబడితే మొదటి పడవ మా ముందే నిండిపోయింది. ప్రైవేట్ బోట్ ఎక్కడండీ అని అడిగితే, ‘మీ గ్రూప్ ప్రైవేట్ కదా సర్’ అన్నాడు. ఆ తెలివికి దండం పెట్టాలి.

విల్లా సంగతి ఇంకా ఘోరం. విల్లా సెర్బెల్లోని 1959 నుంచి రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ అనే అమెరికా సేవాసంస్థ చేతిలో ఉంది. మామూలు సందర్శకులకి దాని తోటలు మాత్రమే, అదీ గైడెడ్ టూర్‌లోనే చూపిస్తారు. మమ్మల్ని తీసుకెళ్లింది దాదాపు అదే పేరున్న హోటల్ గేటు దగ్గరికి. బయట నిలబెట్టి ఫోటో తీసి, ‘అయిపోయింది’ అన్నాడు. బ్రోచర్ మీద వేసిన అందమైన భవనమైతే అసలు బెల్లాజియోలోనే లేదు! అది 2018లో దీపిక, రణ్‌వీర్‌ల పెళ్లి జరిగిన విల్లా దెల్ బాల్బియానెల్లో. అవతలి ఒడ్డున లెన్నోలో ఉంటుంది. దానికి వేరే పడవ ఎక్కాలి, వేరే టికెట్ కొనాలి.

అమ్మానాన్న కూడా మాతో ఉన్నారు. నాన్నగారి మోకాళ్ల సంగతి ముందే చెప్పాం. అయినా సలీటా సెర్బెల్లోని మెట్ల వీధిలో పైదాకా ఎక్కించారు. నీళ్ల పక్కనే చదునుగా, నీడగా ఉండే విల్లా మెల్జి తోటలకేమో టైమ్ లేదన్నారు. పెద్దవాళ్లతో వెళ్తే ముందు చూడాల్సింది అవే. చలికాలంలో మాత్రం మూసేస్తారు.

ఊరిని తప్పు పట్టను, చాలా బాగుంది. సరస్సు రెండు పాయలుగా చీలే కొనమీద ఉంటుంది, మూడు వైపులా నీళ్లూ కొండలూ. కానీ ఇక్కడికి ఏజెంట్ అక్కర్లేదు. మిలాన్ పెద్ద స్టేషన్ మిలానో చెంత్రాలేలో తిరానో వైపు రైలెక్కి వరెన్నా-ఎసీనోలో దిగండి. గంటకి కాస్త ఎక్కువ పడుతుంది, ఏడెనిమిది యూరోలు. రిజర్వేషన్ ఉండదు. ఎడమవైపు కూర్చోండి, సరస్సు అటే కనిపిస్తుంది. కాగితం టికెట్ కొంటే ఎక్కేముందు స్టేషన్లోని మెషీన్‌లో ముద్ర వేయించుకోండి, లేకపోతే ఫైన్ వేస్తారు. స్టేషన్ నుంచి రేవుకి నడిచిపోవచ్చు. దిగగానే తిరుగు పడవల టైమ్‌లు ఫోటో తీసుకోండి.

అయినా ప్యాకేజీయే కావాలంటే బోట్ ఎవరిది, ఏ విల్లా లోపలికి తీసుకెళ్తారు, టికెట్లు ఎవరు కొంటారు, బెల్లాజియోలో ఎన్ని గంటలు ఉంచుతారు అన్నవి రాతపూర్వకంగా తీసుకోండి. డబ్బు క్రెడిట్ కార్డుతో కట్టండి, గొడవైతే బ్యాంకులో అభ్యంతరం పెట్టుకునే వీలుంటుంది. మేం అకౌంట్‌కి పంపాం. ఇప్పుడు ఏజెంట్ సగం తిరిగిస్తానంటున్నాడు, అదీ వచ్చే టూర్ తన దగ్గరే బుక్ చేసుకుంటే అందులో తగ్గిస్తాడట.