ఏడాదికో ఆడిటా, నెలనెలా పరీక్షా: ఏది మేలు?

చీమకుర్తి గ్రానైట్ ఎగుమతి ఆఫీసైనా, నెల్లూరు పక్క రొయ్యల వ్యాపారమైనా, కంప్యూటర్‌లో లెక్క కదిలితేనే సరుకు కదులుతుంది. ఆ లెక్కను కాపాడుకోడానికి రెండు దారులున్నాయి. సమాచార భద్రతకు అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 27001 సర్టిఫికెట్ తెచ్చుకుని ఏటా ఆడిట్ చేయించుకోవడం ఒకటి. నెలకో పూట పెట్టుకుని మన సిస్టమ్స్‌ను మనమే పరీక్షించుకోవడం రెండోది.

సర్టిఫికెట్‌ను తీసిపారేయలేం. విదేశీ కొనుగోలుదారు అడిగితే చూపించాల్సింది అదే. మూడేళ్లు చెల్లుతుంది, మధ్యలో ఏటా ఆడిటర్ వచ్చి చూసి వెళ్తారు. మన కళ్లకు అలవాటైపోయిన లోపాలు బయటివాళ్లకు ఇట్టే కనిపిస్తాయి. కాకపోతే వాళ్లు చూసేది కొన్ని నమూనాలే. ఏప్రిల్‌లో మానేసిన గుమస్తా మెయిల్ పాస్‌వర్డ్ డిసెంబరు ఆడిట్ దాకా పనిచేస్తూ ఉంటే, అన్నాళ్లూ ఆఫీసు తలుపు తీసి ఉంచినట్టే.

నెలవారీ పరీక్ష పనికొచ్చేది ఇక్కడే. బ్యాకప్ ఉందా అని అడిగి ఊరుకోకండి, తెరిచి చూడండి. వేరే ల్యాప్‌టాప్‌లో ట్యాలీ డేటా రీస్టోర్ చేసి, చివరి బిల్లు నంబరును బిల్లు పుస్తకంతో సరిచూడండి. ఎంతసేపు పట్టిందో రాసిపెట్టుకుని, వచ్చే నెల అంతకంటే తగ్గించండి. బ్యాకప్ ఉన్న హార్డ్ డిస్క్ కూడా ఆఫీసు బీరువాలోనే ఉంటే మాత్రం లాభం లేదు. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు కోవూరు దగ్గర హైవే తెగింది, పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు దెబ్బతిన్నాయి. ఆఫీసుకు దారే లేని అలాంటి రోజున, ఇంకో ఊళ్లోనో క్లౌడ్‌లోనో కాపీ ఉన్నవాళ్లకే పని సాగుతుంది.

“మా బ్యాంకు ఖాతా మారింది, ఇందులో వేయండి” అంటూ తెలిసిన పార్టీ పేరుతో వచ్చే మెయిళ్ల సంగతీ నెలనెలా అడగాలి. పాత నంబరుకు ఫోన్ చేసి కనుక్కున్నాకే డబ్బు పంపుతున్నారా? డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలని అకౌంట్స్‌లో అందరికీ తెలుసా? సైబర్ దాడి జరిగితే, గుర్తించిన 6 గంటల్లోపు కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలపాలని 2022 నాటి ఆదేశాలు చెబుతున్నాయి. ఆ టెన్షన్‌లో ఎవరు తెలపాలన్నది తేల్చుకుంటూ కూర్చుంటే గడువు దాటిపోతుంది.

నా ఓటు నెలవారీ పరీక్షకే. ఎగుమతిదారులకు సర్టిఫికెట్ కావాల్సి వస్తే, ముందు ఓ ఆరు నెలలు ఈ పరీక్షలు నడిపి అప్పుడు వెళ్లండి. ఆ ప్రమాణంలోని పదో విభాగం అడిగేదీ నిరంతర మెరుగుదలనే. దొరికిన లోపం, సరిచేసిన తేదీ, సరిచేసిన మనిషి పేరు రాసుకున్న రిజిస్టరునే ఆడిటర్ ముందు పెట్టొచ్చు.