స్టాక్‌బ్రిడ్జ్‌లోని నార్మన్ రాక్‌వెల్ మ్యూజియం: ముఖచిత్రం వెనుక ఉద్యోగం

మాసాచూసెట్స్ రాష్ట్రానికి పడమటి కొసన, బర్క్‌షైర్ కొండల మధ్య ఉన్న స్టాక్‌బ్రిడ్జ్ అనే చిన్న ఊళ్లో, పత్రికల ముఖచిత్రాలకు పేరుపొందిన అమెరికన్ చిత్రకారుడు నార్మన్ రాక్‌వెల్ పేరిట మ్యూజియం ఉంది. 1969లో ఊరి నడిబొడ్డున ఒక పాత ఇంట్లో మొదలైన ఈ సంస్థ, 1993లో వాస్తుశిల్పి రాబర్ట్ స్టెర్న్ రూపొందించిన ప్రస్తుత భవనంలోకి మారింది. అమెరికా పత్రికల బొమ్మల మీద ఆసక్తి ఉన్నవారు దీన్ని తప్పకుండా చూడాలని నా అభిప్రాయం. పత్రికకు బొమ్మ వేయడమంటే గడువులకు లోబడి, సంపాదకుల అభ్యంతరాలను, ప్రకటనకర్తల అభిరుచులను తట్టుకుంటూ చేయవలసిన ఉద్యోగమని ఇంత వివరంగా చూపించే చోటు నాకు మరొకటి కనబడలేదు.

లోపలికి వెళ్లినవారు సాధారణంగా ముందు పెద్ద పెయింటింగుల గదుల్లోకి నడుస్తారు. కింది అంతస్తుకే ముందు వెళ్లమని నా సలహా. శాటర్‌డే ఈవెనింగ్ పోస్ట్ పత్రికకు రాక్‌వెల్ వేసిన 320కి పైగా ముఖచిత్రాలు, అచ్చయిన రూపంలోనే, అక్కడ గోడల నిండా వరుసగా ఉన్నాయి. 1894లో న్యూయార్క్‌లో పుట్టిన ఆయన, 20 ఏళ్లు నిండకుండానే బాయ్స్ లైఫ్ పత్రికకు ఆర్ట్ ఎడిటర్ అయ్యారు. 1916 మే 20 నాటి సంచికతో, 22 ఏళ్ల వయసులో, పోస్ట్‌లో ప్రవేశించి 1963 వరకు కొనసాగారు. ఆ గోడ వెంబడి నడుస్తుంటే ఒక మనిషి నైపుణ్యంతో పాటు పత్రిక రూపం, రంగుల ముద్రణ, పాఠకుల అభిరుచి మారుతూ వచ్చిన తీరు కూడా తెలుస్తుంది. చందమామ మీద వడ్డాది పాపయ్యగారి బొమ్మలను అచ్చులోనే చూసి పెరిగిన మనకు, ఆ తర్వాత పై అంతస్తుకు వెళ్లి అసలు బొమ్మ ముందు నిలబడినప్పుడు కలిగే ఆశ్చర్యం ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. అద్దంలో చూసుకుంటూ తన బొమ్మ తానే వేసుకుంటున్నట్టు 1960లో ఆయన చిత్రించిన ముఖచిత్రం అసలు పెయింటింగ్ మూడున్నర అడుగులకు పైగా ఎత్తుంటుంది. ఈజిల్‌కు గుచ్చిన డ్యూరర్, రెంబ్రాంట్, పికాసో, వాన్ గోల చిత్తరువులు ఒక్కొక్కటీ ఆయా చిత్రకారుల శైలిలోనే ఉన్నాయని అచ్చులో కన్నా ఇక్కడే బాగా కనిపిస్తుంది.

రాక్‌వెల్ పని చేసిన పద్ధతిని మ్యూజియం దాచిపెట్టకపోవడం నాకు బాగా నచ్చింది. ముందు ఆలోచనను చిన్న స్కెచ్‌గా వేసి సంపాదకుడి ఆమోదం పొందడం, ఇరుగుపొరుగువారిని నమూనాలుగా నిలబెట్టి ఫొటోగ్రాఫర్ చేత రకరకాల భంగిమల్లో ఫొటోలు తీయించడం, వాటి ఆధారంగా పూర్తి సైజులో బొగ్గుతో డ్రాయింగ్ వేయడం, రంగులకు వేరే స్కెచ్ చేసుకోవడం, చివరికి క్యాన్వాస్ మీద ఆయిల్ రంగులు వేయడం ఆయన క్రమం. ఫొటోలు వాడతారన్న నింద ఆయన మీద చాలాకాలం ఉంది. ఆ ఫొటోలను, పూర్తయిన బొమ్మను పక్కపక్కన పెట్టి చూస్తే ఆ నింద ఎంత తేలికైనదో అర్థమవుతుంది, ఎందుకంటే ఫొటోలో మామూలుగా ఉన్న ముఖం బొమ్మలోకి వచ్చేసరికి కథ చెప్పడం మొదలుపెడుతుంది.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ప్రసంగంలో చెప్పిన వాక్ స్వాతంత్ర్యం మొదలైన నాలుగు స్వేచ్ఛల మీద రాక్‌వెల్ వేసిన చిత్రాలకు ఇక్కడ ప్రముఖ స్థానం ఉంది. రాక్‌వెల్ ఈ ఆలోచనను మొదట వాషింగ్టన్‌లోని అధికారులకు చూపిస్తే వారు ఆసక్తి చూపలేదు. పోస్ట్ సంపాదకుడు బెన్ హిబ్స్ వెంటనే తీసుకుని 1943లో ప్రచురించాడు. తర్వాత అదే ప్రభుత్వం ఆ చిత్రాలను ఊరూరా ప్రదర్శించి యుద్ధ బాండ్ల రూపంలో 13 కోట్ల డాలర్లకు పైగా సేకరించింది. అయినా నన్ను ఎక్కువసేపు నిలబెట్టినవి ఇవి కావు, 1963 తర్వాతి బొమ్మలు. నల్లజాతివారిని సేవకులుగా తప్ప మరో విధంగా చూపకూడదన్న నియమం పోస్ట్‌లో ఉండేదని రాక్‌వెల్ తర్వాతి కాలంలో స్వయంగా చెప్పారు. ఆ పత్రికను వదిలి లుక్ అనే మరో పత్రికకు వెళ్లాక ఆయన వేసిన తొలి పెద్ద చిత్రం, న్యూ ఆర్లియన్స్‌లో ఆరేళ్ల నల్లజాతి బాలిక రూబీ బ్రిడ్జెస్ అప్పటిదాకా తెల్లవారికే పరిమితమైన బడికి, రక్షణగా వచ్చిన ఫెడరల్ మార్షళ్ల (కేంద్ర ప్రభుత్వ అధికారుల) మధ్య నడిచి వెళ్లడం. దాదాపు ఐదడుగుల వెడల్పున్న ఆ పెయింటింగులో మార్షళ్ల తలలు చట్రం బయటే ఉండిపోతాయి, గోడ మీద తిట్టు రాసి ఉంటుంది, విసిరిన టమాటా పగిలి కారుతుంటుంది, పిల్ల మాత్రం సూటిగా నడుస్తుంటుంది. మిసిసిపీలో ముగ్గురు పౌరహక్కుల కార్యకర్తల హత్య మీద 1965లో ఎంతో శ్రమపడి వేసిన పెయింటింగును పక్కన పెట్టి, దానికి ముందు వేసిన స్కెచ్‌నే లుక్ అచ్చు వేసింది. స్కెచ్‌లో ఉన్న తీవ్రత పూర్తయిన చిత్రంలో లేదని పత్రికవారు భావించారు. రెండూ ఈ మ్యూజియం సేకరణలోనే ఉన్నాయి. నా మట్టుకు పత్రికవారి నిర్ణయమే సరైనదనిపించింది.

కింది అంతస్తు గోడ మీద భారతీయులు వెతుక్కోవలసిన సంచిక 1963 జనవరి 19 నాటిది: దాని మీద ఉన్నది జవహర్‌లాల్ నెహ్రూ. అప్పటికే టెలివిజన్ ప్రకటనలను లాక్కుపోతుండగా, కథ చెప్పే ముఖచిత్రాల స్థానంలో పోస్ట్ దేశాధినేతల చిత్తరువులు అడగసాగింది. 1969లో పోస్ట్, 1971లో లుక్ మూతపడ్డాయి.

కామిక్స్ కోసమే వచ్చేవారికి మాత్రం ఒక హెచ్చరిక. శాశ్వత ప్రదర్శనలో సింహభాగం రాక్‌వెల్‌దే. మిగిలినవారి వంతు తాత్కాలిక ప్రదర్శనల మీద ఆధారపడి ఉంటుంది. 2024లో ఇక్కడ మ్యాడ్ అనే హాస్య పత్రిక చిత్రకారుల మీద పెద్ద ప్రదర్శన జరిగింది. అలాంటిది ఉన్నప్పుడు వెళితే ప్రయాణం రెట్టింపు సార్థకమవుతుంది. పోస్ట్‌కు రాక్‌వెల్‌తో సమానంగా ముఖచిత్రాలు వేసిన లైండెకర్ లాంటివారికి మరింత శాశ్వతమైన చోటుంటే ఈ వృత్తి చరిత్ర నిండుగా ఉండేది. పేజీకి ఇంతని కూలి పుచ్చుకుని, తాము గీసిన అసలు పేజీల కోసం ప్రచురణకర్తలతో ఏళ్ల తరబడి పోరాడిన జాక్ కర్బీ తరం కామిక్స్ చిత్రకారుల కథ మరొక ప్రపంచం. కర్బీకి తన పేజీల్లో కొంత భాగం 1987లో గాని తిరిగి రాలేదు. ఆ దారిలో ఆసక్తి ఉన్నవారు ఒహాయో స్టేట్ యూనివర్సిటీలోని బిల్లీ ఐర్లండ్ కార్టూన్ లైబ్రరీకి వెళ్లడం మంచిది. అక్కడ ప్రవేశం ఉచితం.

స్టాక్‌బ్రిడ్జ్‌లో రాక్‌వెల్ వాడిన స్టూడియోను 1986లో ఈ ఆవరణలోకి తరలించారు. 1960 అక్టోబరులో ఎలా ఉండేదో అలాగే కుంచెలు, పుస్తకాలతో సహా అమర్చారు గాని, అది వేసవి, శరత్కాలాల్లో మాత్రమే తెరిచి ఉంటుంది కాబట్టి చలికాలంలో వెళ్లేవారు దాన్ని వదులుకోవలసిందే. బోస్టన్ నుంచి గాని న్యూయార్క్ నుంచి గాని సొంత కారులో రెండున్నర, మూడు గంటల ప్రయాణం. ఊరి దాకా న్యూయార్క్ నుంచి రోజువారీ రైలు లేదు. ప్రసిద్ధ పెయింటింగులు తరచుగా ఇతర మ్యూజియాలకు అరువు వెళుతుంటాయి కనుక, ఫలానా బొమ్మ కోసమే వెళ్లేవారు అది గోడ మీద ఉందో లేదో ముందుగా ఫోన్ చేసి కనుక్కుని బయలుదేరాలి.